ముందు చెయ్యి తియ్యండి

మిర్చి సీజన్‌లో గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల ముందు తెల్లవారకముందే బళ్లు బారులు తీరతాయి. రైతు తెచ్చిన టిక్కీలకి, అంటే మిర్చి బస్తాలకి, ఒక లాట్ నంబరు పడుతుంది. ఏ లాట్ ఏ ఛాంబర్‌లో ఉంది, ఎన్ని టిక్కీలు దిగాయి, ఎన్ని డెలివరీ అయ్యాయి, ఎన్ని మిగిలాయి అన్న లెక్క మీదే అక్కడ అంతా నడుస్తుంది. స్టోరేజీ ఇచ్చిన ఆ కాగితం చూపించే రైతు అప్పు తెచ్చుకుంటాడు. అలాంటి ఒక స్టోరేజీకి కొన్నేళ్లు నేను సాఫ్ట్‌వేర్ చూశాను. డేటా అంతా క్లౌడ్‌లో ఉండేది.

ఒక మార్చి నెలలో, పొద్దున 11:40కి, ఫలానా లాట్‌లో టిక్కీల సంఖ్య తప్పు పడిందని గేటు నుంచి ఫోనొచ్చింది. సరిచేద్దామని అప్‌డేట్ కమాండ్ రాశాను. ఏ లాట్‌ని మార్చాలో చెప్పే ‘వేర్’ ముక్క రాయకుండానే ఎంటర్ నొక్కాను. ఒక్క వరుస మారాల్సిన చోట టేబుల్‌లోని వరుసలన్నీ మారిపోయాయి. పదమూడు టిక్కీలు పెట్టుకున్న చిన్న రైతుకీ, ఆరువందలు పెట్టిన వ్యాపారికీ ఒకే అంకె పడింది: 42.

రాత్రి ఒంటిగంటకి తీసిన బ్యాకప్ ఉందని తెలుసు. నా చెయ్యి నేరుగా రిస్టోర్ బటన్ మీదికి వెళ్లింది. పక్క బల్ల దగ్గర ఏళ్ల తరబడి పద్దులు రాసిన పెద్దాయన ఉండేవారు. గుమస్తాగారు అనే పిలిచేవాళ్లం. నా మొహం చూసి లేచొచ్చి, ఏమైందని అడిగారు. చెప్పాను.

“ముందు ఆ చెయ్యి తియ్యి బాబూ,” అన్నారు. “పొద్దున ఆరింటి నించీ దిగిన బళ్ల సంగతేంటి? రాత్రి తీసిన దాంట్లో అవి ఉంటాయా?”

ఉండవు. ఆ బటన్ నొక్కి ఉంటే పాత అంకెలన్నీ వెనక్కి వచ్చేవి. ఆ పొద్దున వచ్చిన లాట్లన్నీ, జరిగిన డెలివరీలన్నీ పోయేవి. నా తప్పు ఒక్క కాలమ్‌ని పాడుచేసింది. దాన్ని దిద్దబోయి ఐదారు గంటల పని మొత్తం తుడిచిపెట్టేవాణ్ని. ఖాళీ డేటాబేస్‌లోకి బ్యాకప్ ఎక్కించడం తేలిక. జనం వాడుతున్న డేటాబేస్‌లోకి, పోయినదాన్ని మాత్రమే వెనక్కి తేవడం వేరే విద్య. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు, నేనూ అనుకున్నాను.

కంగారులో మనిషికి ఏదో ఒకటి చేసెయ్యాలనిపిస్తుంది. చేతులు ఊరుకోవు. అందుకే ఆ మొదటి పది నిమిషాల్లో చేతికి పనికొచ్చే పనులు ముందే తెలిసి ఉండాలి. మొదటిది, కొత్తగా రాతలు పడకుండా ఆపడం: అప్లికేషన్‌ని మెయింటెనెన్స్‌లో పెట్టండి, లేదా చదవడానికి తప్ప రాయడానికి వీల్లేకుండా చెయ్యండి. రెండోది, టైమ్ కాగితం మీద రాసుకోవడం: తప్పు ఎప్పుడు జరిగింది, రాతలు ఎప్పుడు ఆగాయి. గంట తర్వాత ఈ రెండు అంకెలూ గుర్తుండవు. మూడోది కొందరికి వింతగా అనిపిస్తుంది. పాడైన డేటాబేస్‌ని ఉన్నది ఉన్నట్టు స్నాప్‌షాట్ తియ్యండి. పాడైంది కదా, దాని కాపీ దేనికి అంటారు. ఆ పొద్దున దిగిన లాట్లు ఇంకెక్కడా లేవు, ఆ పాడైన దాంట్లోనే ఉన్నాయి. రిస్టోర్‌లో ఇంకో తప్పు జరిగితే, కనీసం మొదటి తప్పు దగ్గరికైనా తిరిగి వెళ్లగలగాలి.

మేము 11:52కి గేటు ఎంట్రీలు ఆపాం. అప్పటినుంచి గేటు కుర్రాడు కాగితం స్లిప్పులు మాత్రమే రాశాడు.

ఇక రిస్టోర్ అనే మాట సంగతి. క్లౌడ్ కంపెనీలన్నీ ఈ మాటే వాడతాయి కానీ ఒక్కోచోట దాని అర్థం ఒక్కో రకం. మీరు వాడే దాని అర్థం ఏమిటో ఈ రోజే, ఏ ప్రమాదమూ లేనప్పుడే చదివి పెట్టుకోండి. అమెజాన్ ఆర్‌డీఎస్‌లో రిస్టోర్ అంటే పాతదాని జోలికి పోకుండా పక్కన ఒక కొత్త ఇన్‌స్టెన్స్ లేవడం. ఉన్న ఇన్‌స్టెన్స్‌లోకే వెనక్కి పోయమంటే పొయ్యదు. మైక్రోసాఫ్ట్ అజూర్ ఎస్‌క్యూఎల్ కూడా అంతే, ఉన్న డేటాబేస్ మీద రాయదు, వేరే పేరు అడుగుతుంది. గూగుల్ క్లౌడ్ ఎస్‌క్యూఎల్‌లో మాత్రం బ్యాకప్‌ని అదే ఇన్‌స్టెన్స్‌లోకి దించవచ్చు. దించితే అందులో ఉన్నదంతా పోయి బ్యాకప్‌లో ఉన్నదే మిగులుతుంది. మోంగోడీబీ అట్లాస్‌లో నడుస్తున్న క్లస్టర్‌ని గమ్యంగా చూపిస్తే, ముందు అందులోని డేటా చెరిపేసి ఆ తర్వాతే పాతది ఎక్కిస్తుంది.

ఫైర్‌స్టోర్ పద్ధతి ఇంకోటి. ముందు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకున్నదాన్ని ఉన్న డేటాబేస్‌లోకి ఇంపోర్ట్ చేస్తే, ఒకే ఐడీ ఉన్న డాక్యుమెంట్ల మీద పాతవి పడతాయి, మిగతావి అలాగే ఉంటాయి. వినడానికి ఇదే అన్నిటికంటే మెత్తనిదనిపిస్తుంది. నా దృష్టిలో ఇదే ఎక్కువ జాగ్రత్త కోరుతుంది. నిన్న ఒక రైతు ఫోన్ నంబరు మార్చుకున్నాడు. ఈ రోజు మీరు మొన్నటి ఎక్స్‌పోర్ట్ ఇంపోర్ట్ చేశారు. అతని పాత నంబరు చప్పుడు లేకుండా వెనక్కి వచ్చి కూర్చుంటుంది. ఏ ఎర్రరూ రాదు. అతనికి వెళ్లాల్సిన మెసేజ్ ఇంకెవరికో వెళ్లాక గాని తెలియదు.

అమెజాన్ అరోరాలో, మైఎస్‌క్యూఎల్ రకానికి, బ్యాక్‌ట్రాక్ అని ఒక సదుపాయం ఉంది. ముందే ఆన్ చేసి పెట్టుకుంటే క్లస్టర్ మొత్తాన్ని 72 గంటల దాకా కాలంలో వెనక్కి తిప్పవచ్చు. అక్కడా గుమస్తాగారి ప్రశ్న అలాగే ఉంటుంది: మొత్తం వెనక్కి పోతే, ఆ తర్వాత దిగిన బళ్లేవి?

అందుకని నా పద్ధతి చెబుతాను, ఏ క్లౌడ్ అయినా ఇదే. పాతదాన్ని పక్కన దించండి. పక్కపక్కన పెట్టి పోల్చండి. పోయినదాన్ని మాత్రమే మోసుకురండి.

పక్కన దించేటప్పుడు ఏ క్షణానికి దించాలో ఎంచుకునే వీలుంటే, అంటే పాయింట్ ఇన్ టైమ్ రికవరీ ఆన్ చేసి ఉంటే, మీ పని సగం తగ్గినట్టే. రాత్రి స్నాప్‌షాట్ మీద ఆ తర్వాతి లావాదేవీల లాగ్‌ని వరసగా నడిపించి, తప్పు జరగడానికి నిమిషం ముందు ఆపుతుంది. ఆర్‌డీఎస్ ఈ లాగ్‌లని ఐదు నిమిషాలకోసారి దాస్తుంది, అందుకే ఇప్పుడే జరిగిన క్షణానికి వెంటనే వెళ్లలేకపోవచ్చు, కాస్త ఆగాలి. ఆటోమేటిక్ బ్యాకప్‌లని అక్కడ 35 రోజుల దాకా ఉంచుకోవచ్చు. కానీ కమాండ్‌తో ఇన్‌స్టెన్స్ లేపి, ఆ సంగతి ఏమీ చెప్పకపోతే ఒక్క రోజే ఉంచుతుంది. శుక్రవారం జరిగిన తప్పు సోమవారం బయటపడితే ఆ ఒక్క రోజు దేనికీ చాలదు.

ఇక్కడ మన దేశంలో ఉన్నవాళ్లు తరచుగా పడే గుంట ఒకటుంది. ఈ టైములు కమాండ్లలో యూటీసీలో ఉంటాయి. మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు. మన 11:39 అంటే అక్కడ 6:09. తొందరలో 11:39 అనే కొట్టారనుకోండి. మధ్యాహ్నం పన్నెండుకి కొడితే ఆ సమయం ఇంకా రాలేదు కాబట్టి ఒప్పుకోదు, మీరు బతికిపోతారు. అదే సాయంత్రం ఆరింటికి కొడితే ఒప్పుకుంటుంది, మన సాయంత్రం 5:09కి ఉన్న డేటాబేస్‌ని తెచ్చిస్తుంది. అంటే పాడైనదాన్నే ఇంకో కాపీ తీసి ఇస్తుంది. అరగంట, గంట దాని కోసం ఎదురుచూసి తెరిచాక అదే 42 కనిపిస్తే మనసు ఎలా కుంగుతుందో చెప్పలేను. కాగితం మీద టైమ్ రాసేటప్పుడే రెండూ పక్కపక్కన రాయండి.

మేము 11:39కి ఉన్న స్థితితో పక్కన ఒక కాపీ లేపాం. అది పైకి లేచేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. పొద్దున దిగిన లాట్లన్నీ అందులో ఉన్నాయి. గేటు నుంచి చెప్పిన ఆ ఒక్క లాట్ తప్ప టిక్కీల కాలమ్ సరిగ్గా ఉంది. అప్పుడు కూడా చెయ్యి మళ్లీ ఊరించింది: అప్లికేషన్‌ని ఈ కొత్తదానికి కలిపేస్తే పోదా? పోదు. 11:40కీ 11:52కీ మధ్య గేటులో తొమ్మిది ఎంట్రీలు పడ్డాయి, అవి పాతదాంట్లోనే ఉన్నాయి. పన్నెండు నిమిషాలంటే మనకి చిన్నది. ఆ తొమ్మిది ఎంట్రీల వెనక ఉన్నవాళ్లకి అది ఆ ఏడాది పంట.

కొన్ని సందర్భాల్లో కొత్త ఇన్‌స్టెన్స్‌కి మారిపోవడమే సరైనది. తప్పు జరిగిన క్షణంలోనే రాతలు ఆగిపోయాయనుకోండి, లేక మొత్తం డేటాబేసే పోయిందనుకోండి, అప్పుడు మారండి. ఆర్‌డీఎస్‌లో అయితే పాతదానికి వేరే పేరు పెట్టి, దాని పేరు కొత్తదానికి ఇస్తే అప్లికేషన్‌లో అడ్రస్ మార్చనక్కర్లేదు. రిస్టోర్ చేసేటప్పుడు సెక్యూరిటీ గ్రూప్ ఏది పెట్టాలో మీరు చెప్పకపోతే డీఫాల్ట్‌ది తగిలిస్తుంది. అన్నీ బాగున్నా అప్లికేషన్ కలవకపోతే ముందు అక్కడ చూడండి. ఇంకోటి, ఇన్‌స్టెన్స్ సిద్ధమని తెర మీద కనిపించినా డేటా వెనకాల ఇంకా వస్తూనే ఉంటుంది. ఒక బ్లాక్‌ని మొదటిసారి చదివినప్పుడు నెమ్మదిగా ఉంటుంది. అది చూసి ఏదో చెడిందని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టకండి.

ఇప్పుడు మోసుకురావడం. పక్క కాపీ నుంచి ఆ ఒక్క టేబుల్‌ని డంప్ తీసి, లైవ్ డేటాబేస్‌లో వేరే పేరుతో దించండి. పేరు వేరే అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మైఎస్‌క్యూఎల్ డంప్ తీసినప్పుడు, మీరేమీ అడగకపోయినా, ఆ ఫైల్‌లో ప్రతి టేబుల్‌కీ ముందు ‘ఈ పేరుతో టేబుల్ ఉంటే పడగొట్టు’ అనే ఆజ్ఞ వస్తుంది. ఖాళీ చోట అది హాని చెయ్యదు. అదే పేరున్న లైవ్ టేబుల్ ఉన్నచోట ఆ ఫైల్ నడిపితే, మీ లైవ్ టేబుల్ పోయి పాతది లేస్తుంది, దాన్ని రోల్‌బ్యాక్ చెయ్యడం కుదరదు. ఉన్న డేటాబేస్‌లోకి రిస్టోర్ చేస్తూ జరిగే ఘోరాల్లో దీన్ని ముందు చెబుతాను, ఎందుకంటే ఇందులో తప్పు చేసిన మనిషికి తను తప్పు చేస్తున్నట్టే తెలియదు. డంప్ ఫైల్ ఏదైనా నడపబోయే ముందు తెరిచి మొదటి యాభై లైన్లు కళ్లతో చదవండి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ రిస్టోర్‌కి ‘క్లీన్’ అని చెబితేనే పడగొడుతుంది, ‘సింగిల్ ట్రాన్సాక్షన్’ అని చెబితే మొత్తం ఎక్కుతుంది లేదా ఏమీ ఎక్కదు. రెండో మాట ఎప్పుడూ కలుపుకోండి.

మేము పాత టేబుల్‌ని వేరే పేరుతో దించి, లాట్ నంబరు మీద రెండిటినీ కలిపి, గేటు చెప్పిన ఆ ఒక్క లాట్ తప్ప మిగతావాటికి టిక్కీల కాలమ్ ఒక్కటే పాతదాని నుంచి కొత్తదానికి తెచ్చాం. ట్రాన్సాక్షన్ తెరిచి, అప్‌డేట్ నడిపి, ఎన్ని వరుసలు మారాయో చూసి, ఆ సంఖ్య మేం ముందే లెక్కపెట్టుకున్న సంఖ్యతో సరిపోయాకే కమిట్ కొట్టాం. పొద్దున 11:40కి నేను చెయ్యాల్సింది కూడా అదే. మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌లో ‘సేఫ్ అప్‌డేట్స్’ అని ఒక ఆప్షన్ ఉంది, ఏ వరుసలో చెప్పకుండా అప్‌డేట్ రాస్తే ఒప్పుకోదు. ఆ రోజు నుంచీ నేను పనిచేసే ప్రతి మెషీన్‌లో అది ఆన్‌లో ఉంటుంది.

ఇలాంటి అప్‌డేట్‌కి ముందు చెయ్యాల్సిన పని ఇంకోటి ఉంది: ట్రిగ్గర్లు ఆపడం. లాట్‌లో టిక్కీలు మారినప్పుడల్లా రైతు ఫోన్‌కి మెసేజ్ పంపే ట్రిగ్గర్ ఒకటి టేబుల్ మీద ఉందనుకోండి. అది గుర్తు రాకపోతే, ఒక్క అప్‌డేట్‌తో వేలమంది రైతులకి తమ సరుకు లెక్క మారిందని మెసేజ్‌లు వెళ్తాయి. సాయంత్రానికి ఆఫీసు ముందు ఎంతమంది నిలబడతారో ఊహించుకోండి. మీ డేటాబేస్‌లో ఏ మార్పు ఏ మెసేజ్‌ని, ఏ బిల్లుని, ఏ మెయిల్‌ని కదిలిస్తుందో ఒక పేజీలో రాసి పెట్టుకోండి.

వరుసలు మార్చడం కాక, పోయిన వరుసల్ని మళ్లీ చేర్చాల్సి వస్తే వేరే చిక్కులున్నాయి. రైతు వరుస లేకుండా లాట్ వరుస చేరదు, కాబట్టి ముందు రైతులు, తర్వాత లాట్లు, ఆ తర్వాత డెలివరీలు. పోస్ట్‌గ్రెస్‌లో పాత ఐడీలతోనే వరుసలు చేరిస్తే, తర్వాతి ఐడీ ఇచ్చే సీక్వెన్స్ ఆ సంగతి గమనించదు. దాన్ని టేబుల్‌లోని పెద్ద ఐడీ దాకా జరపాలి, లేకపోతే కొత్త ఎంట్రీ కొట్టిన మనిషికి డూప్లికేట్ కీ అని ఎర్రర్ వస్తుంది, రిస్టోర్ సరిగ్గా జరగలేదని మీరు వేరే చోట వెతుకుతుంటారు. తెలుగు పేర్లు ఉన్న టేబుల్ అయితే ఇంకో జాగ్రత్త. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ దేనికదే మూడు బైట్లు. డంప్ ఎక్కించేటప్పుడు క్యారెక్టర్ సెట్ లాటిన్‌గా ఉంటే పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు వచ్చి కూర్చోవచ్చు. అవి ఒకసారి టేబుల్‌లో పడ్డాక మళ్లీ పేర్లు కావు. రిస్టోర్ అయ్యాక ఒత్తులు ఎక్కువున్న పేర్లు నాలుగు తీసి చూడండి.

అంకెలన్నీ వెనక్కి వచ్చాయని నేను చెబితే గుమస్తాగారు ఒప్పుకోలేదు. నిన్నటి ముగింపు నిల్వ కాగితం తీశారు. దానికి ఈ రోజు దిగినవి కలిపి, డెలివరీ అయినవి తీసేసి, వచ్చిన మొత్తాన్ని నా తెర మీద మొత్తంతో చూశారు. 31 టిక్కీలు తేడా. ఆ పన్నెండు నిమిషాల్లో పడ్డ తొమ్మిది ఎంట్రీల్లో మూడు డెలివరీలు. అవి 42లోంచి తీసివేత అయ్యాయి. నేను పాత అంకె పైన పెట్టేసరికి ఆ తీసివేతలు మాయమయ్యాయి. గేటు స్లిప్పులు చూసి ఆ మూడు లాట్లూ చేత్తో సరిచేశాం. ఎర్రర్ రాలేదు కాబట్టి అంతా సరిగ్గా ఉందనుకునే అలవాటు నాకు ఆ మధ్యాహ్నంతో పోయింది. మీ డేటా సరిగ్గా ఉందని డేటాబేస్ బయట నుంచి చెప్పగల లెక్క ఒకటి మీ దగ్గర ఉండాలి: రోజు ముగింపు మొత్తమో, బ్యాంకు స్టేట్‌మెంటో, కాగితం పుస్తకమో.

ఇదంతా బ్యాకప్ ఉంటే. ఉందని అనుకోవడం వేరు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో రాత్రి పొద్దుపోయాక ఒక ఇంజనీర్, రెండో సర్వర్‌లో ఖాళీ చెయ్యాల్సిన డేటా ఫోల్డర్‌ని పొరపాటున ప్రధాన సర్వర్‌లో చెరిపేశాడు. క్షణాల్లో గమనించి ఆపాడు. అప్పటికే 300 జీబీల్లో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్ కోసం వెతికితే దాచాల్సిన చోట ఏమీ లేదు. సర్వర్ పోస్ట్‌గ్రెస్ 9.6, డంప్ తీసే సాధనం 9.2, అందుకని డంప్ రోజూ విఫలమవుతూనే ఉంది. విఫలమైందని చెప్పే మెయిల్స్ కూడా తిరస్కరణకి గురై ఎవరికీ చేరలేదు. ఐదు పద్ధతులు పెట్టుకున్నారు, అవసరమైన రోజు ఒక్కటీ సవ్యంగా పని చెయ్యలేదు. అదే రోజు ఆరు గంటల ముందు, వేరే పరీక్ష కోసం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ వాళ్లని కాపాడింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. అంత జరిగినా ఆ కంపెనీ దేన్నీ దాచలేదు. రికవరీ పనిని యూట్యూబ్‌లో లైవ్‌గా చూపించింది, తర్వాత కారణాలన్నీ పూసగుచ్చినట్టు రాసి ప్రచురించింది. ఆ రాతని నేను ఏటా ఒకసారి చదువుతాను. ఆ ఇంజనీర్ స్థానంలో నన్ను పెట్టుకుని చదువుతాను.

అందుకే మూడు నెలలకోసారి, పని తక్కువగా ఉన్న రోజు చూసి, నిజంగా రిస్టోర్ చెయ్యండి. పక్కన ఒక కాపీ లేపి, అందులోంచి ఒక టేబుల్ తెచ్చి, లెక్క చూసి, మొదలుపెట్టిన టైమూ ముగిసిన టైమూ పుస్తకంలో రాయండి. ఎంతసేపు పట్టిందన్న అంకె మీ దగ్గర ఉంటే, ప్రమాదం జరిగిన రోజు యజమాని ఎంతసేపని అడిగినప్పుడు నిజం చెప్పగలుగుతారు. ఆ పని ప్రతిసారీ ఒకరే చెయ్యకండి, టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లతో చేయించి పక్కన కూర్చోండి. ఒక కాపీ వేరే రీజియన్‌లో కూడా ఉండనివ్వండి. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ తెరిచింది, ముంబైలో నడిపేవాళ్లు దేశం దాటకుండానే ఈ పని చేసుకోవచ్చు. ఆర్‌డీఎస్ ఇన్‌స్టెన్స్‌ని డిలీట్ చేసేటప్పుడు ఉంచమని చెప్పకపోతే దాని ఆటోమేటిక్ బ్యాకప్‌లు కూడా దాంతోపాటే పోతాయి. చేత్తో తీసిన స్నాప్‌షాట్లు ఉంటాయి. ఈ తేడా తెలియక ఖర్చు తగ్గిద్దామని డిలీట్ కొట్టినవాళ్లున్నారు.

పక్కన లేపిన కాపీని పని అయిన రోజే తీసెయ్యకండి. గంటకింత అని బిల్లు పడుతుంది, నిజమే. అయినా వారం ఉంచండి. మేము ఉంచాం. ఐదో రోజున ఒక రైతు వచ్చి తన లాట్‌లో రెండు టిక్కీలు తగ్గాయన్నాడు. పక్క కాపీ తెరిచి, 11:39కి అతని లెక్క ఎంతుందో, గేటు స్లిప్‌లో ఎంతుందో రెండూ చూపించాం. ఆ రెండు టిక్కీలు తప్పు జరిగిన ముందు రోజే అతని తమ్ముడు తీసుకెళ్లాడు, సంతకం ఉంది. చేత్తో సరిచేసిన ఆ మూడు లాట్ల రైతులకి మాత్రం తప్పు జరిగిన రోజు సాయంత్రమే నేను స్వయంగా ఫోన్ చేశాను. మీ లెక్కలో పొద్దున తప్పు పడింది, నా వల్లే పడింది, సరిచేశాం, వచ్చినప్పుడు స్లిప్ చూసుకోండి అని చెప్పాను. వాళ్లలో ఒకాయన, “అట్టాగేనయ్యా, రేపొస్తా,” అన్నాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి, ఛాంబర్‌లోకి వెళ్లి తన టిక్కీలు తనే లెక్కపెట్టుకుని, మా పుస్తకంలో అంకె పక్కన సంతకం పెట్టి వెళ్లాడు.